మొప్పల పరాన్నజీవులు: మందుకు ముందు సూక్ష్మదర్శిని

నూజివీడు మామిడి తోటలో పూత మాడితే, అది తేనెమంచు పురుగు వల్లనా, బూడిద తెగులు వల్లనా అని తేల్చిన తరువాతే మందు సిఫారసు చేస్తాము. అదే ఏలూరు జిల్లాలో, మెట్టకు దిగువన కైకలూరు ప్రాంతపు చేపల చెరువులకూ ఈ నియమమే వర్తిస్తుంది.

బొచ్చె, శీలావతి చేపలు తెల్లవారుజామున నీటిపైకి తేలి నోరు తెరుస్తుంటే ముందుగా ఆక్సిజన్ కొరతను అనుమానించాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్ తగినంత ఉన్నప్పటికీ, పొద్దెక్కిన తరువాతా అదే లక్షణం కొనసాగితే మొప్పలను పరీక్షించాలి. అక్కడ ముఖ్యంగా మూడు రకాల జీవులు కనిపించవచ్చు.

డాక్టిలోగైరస్ చదునైన పురుగు. తోకభాగపు కొక్కేలతో మొప్ప తంతువులను పట్టుకుంటుంది. తలభాగంలోని నాలుగు కంటిచుక్కలు దీని ఆనవాలు. పురుగును చంపే మందు గుడ్లను చంపకపోవచ్చు. కనుక గుడ్లు పొదిగిన తరువాత, కొత్త తరం గుడ్లు పెట్టకముందే చికిత్సను మరల చేయాలి.

ట్రైకోడైనా సాసరు ఆకారపు ఏకకణజీవి. లోపల దంతాల వలయం ఉంటుంది. ప్రధానంగా బ్యాక్టీరియాను తింటుంది. సేంద్రియ వ్యర్థాలు, చేపల సాంద్రత అధికమైన చెరువులో ఇది విస్తరిస్తుంది. వాటిని తగ్గించనిదే మందు ఫలితం నిలవదు.

మిక్సోబోలస్ మొప్పలపై తెల్లని తిత్తులను ఏర్పరుస్తుంది. ఈ ప్రజాతికి చెందిన, ట్రౌట్ చేపలకు సోకే ఒక జాతి జీవితచక్రంలో కొంతభాగం బురద పురుగులో గడుస్తుందని 1984లో వుల్ఫ్, మార్కివ్ వెల్లడించారు. తిత్తులలోని సిద్ధబీజాలపై నీటిలో వేసే మందులు నమ్మకంగా పనిచేయవు. పట్టుబడి తరువాత చెరువును ఎండగట్టడం, బురద తొలగించడం, సున్నం వేయడమే ప్రధాన నివారణ.

పరీక్షకు బతికున్న లేదా అప్పుడే చనిపోయిన చేపనే తీసుకోవాలి. ఐసులో వచ్చిన చేపలో పరాన్నజీవుల కదలిక కనిపించదు. కొన్ని రాలిపోయి ఉంటాయి కూడా. కొన్ని మొప్ప తంతువులను కత్తిరించి, అదే చెరువు నీటిబొట్టులో ఉంచి, కవర్‌స్లిప్ కప్పి, మొదట తక్కువ వృద్ధీకరణలో, తరువాత 100 రెట్లలో పరిశీలించాలి.

ఊహతో మందు వేయడం వల్ల కలిగే నష్టం ఖర్చుతో ముగియదు. ఫార్మలిన్ నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. ఆక్సిజన్ కొరతతో తేలిన చేపలకు దానిని వేస్తే చికిత్సే సామూహిక మరణానికి కారణం కావచ్చు. కనుక విస్తరణ సిబ్బంది సంచిలో మందు సీసా కంటె ముందు గాజు పలక ఉండాలి.