వీడియో ఎందుకు ఆగుతుంది? – బఫర్ కథ

పేజీ తెరవగానే అక్షరాలు వచ్చేస్తాయి, బొమ్మలు వచ్చేస్తాయి. మధ్యలో పొదిగిన వీడియో దగ్గర మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. నెట్ నెమ్మదిగా ఉందని సరిపెట్టుకుంటాం. అది సగం నిజమే. ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ తెర వెనక చాలా పనులు జరుగుతుంటాయి, ఒక్కో పనిదీ ఒక్కో చరిత్ర. ఇంటర్నెట్‌లో వీడియో మొదలైనప్పటి నుంచీ ఇంజనీర్లు ఈ ఎదురుచూపును పూర్తిగా తీసేయలేకపోయారు. ఎక్కడ పెడితే అది చూసేవాళ్ల కంటపడదో మాత్రం ఒక్కొక్కటిగా కనిపెడుతూ వచ్చారు.

మొదటి చిక్కు వీడియో బరువు. ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒక్క ఫ్రేములో దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు, సెకనుకు 25 ఫ్రేములు అనుకుంటే సెకనుకు 124 కోట్ల బిట్లు పంపాలి. ఇప్పుడు ఫోనుకు చేరేది అందులో రెండు వందల యాభయ్యో వంతే, అంటే సెకనుకు సుమారు 50 లక్షల బిట్లు.

ఇంతగా కుదించే విద్యకు పునాది డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణితం. బెంగళూరులో పుట్టి అమెరికాలో ప్రొఫెసరైన నాసిర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచన చెప్పి, అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగితే రాలేదు. అయినా ఆయన పని ఆపలేదు. టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో పత్రం ప్రచురించారు. కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణంలో ఆయన దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. ఈ పద్ధతిలో బొమ్మను చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిని అలల కలయికగా రాస్తారు. మరీ సన్నని అలలను కన్ను పెద్దగా పట్టించుకోదు కాబట్టి వాటిని చాలావరకు వదిలేస్తారు. దానికి తోడు, వరస ఫ్రేముల్లో మారినంత మేరకే పంపుతారు. ఇందులో ఒక మెలిక ఉంది. మధ్యలో వచ్చే ఫ్రేముకు సొంతంగా నిలబడే శక్తి లేదు. అందుకే వీడియోను ముందుకు జరిపినప్పుడు, ప్లేయర్ ఒక పూర్తి ఫ్రేము దొరికే చోటికి వెళ్లి అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి.

తొంభైల మధ్యలో ఇళ్లలో ఉన్నవి టెలిఫోను మోడెములు. సెకనుకు 28,800 బిట్ల వేగంతో 5 మెగాబైట్ల క్లిప్ దిగడానికి 23 నిమిషాలు పట్టేది. మొత్తం దిగాకే చూడాలి. 1995లో సియాటిల్‌కు చెందిన ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ సంస్థ రియల్ ఆడియో తెచ్చి, దిగుతుండగానే వినే వీలు కల్పించింది. ఆ ఏడు సెప్టెంబరు 5న సియాటిల్ మారినర్స్, న్యూయార్క్ యాంకీస్ జట్ల బేస్‌బాల్ ఆట వ్యాఖ్యానాన్ని నెట్‌లో ప్రత్యక్షంగా వినిపించింది. 1997లో వీడియో కూడా వచ్చింది.

దిగుతుండగానే ఆడించే ఈ పద్ధతికి గుండెకాయ బఫర్. మున్సిపాలిటీ నీళ్లు ఎప్పుడు ఎంత ధారగా వస్తాయో తెలియదు, కుళాయి మాత్రం ఒకేలా పారాలి. అందుకే మిద్దె మీద ట్యాంకు కట్టుకుంటాం. నెట్‌లోనూ డేటా ప్యాకెట్లు ఒక్క వేగంతో రావు. ముందు కొంత పోగు చేసుకుని ఆట మొదలుపెడితే, తర్వాత రాక తగ్గినా బొమ్మ ఆగదు. నిల్వ అడుగంటితే మళ్లీ చక్రం తిరుగుతుంది. మొదట్లో కాసేపు ఆగడం మధ్యలో ఆగకుండా ఉండటానికి కట్టే మూల్యమన్నమాట.

2005 ఏప్రిల్ 23న స్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీం శాన్‌డియెగో జంతుప్రదర్శనశాలలో కనిపించే 19 సెకన్ల వీడియోతో యూట్యూబ్ ఖాతా తెరిచింది. దానికి ప్రత్యేక స్ట్రీమింగ్ సర్వర్లతో పని లేదు. మామూలు ఫైలు మామూలు వెబ్ దారిలోనే దిగుతుంటే, ఫ్లాష్ ప్లేయర్ వచ్చినంత మేరకు ఆడించేది. నాలుగు వరసల కోడ్ కాపీ చేస్తే ఆ ప్లేయర్‌ను ఎవరి పేజీలోనైనా పొదిగే వీలుండేది. అయితే ఫైలు ఒక్కటే, నాణ్యతా ఒక్కటే. నెట్ మధ్యలో మందగిస్తే ఆగి చూడటమే. ఎంపీ4 ఫైళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక చాలాసార్లు ఫైలు చివర రాసి ఉంటుంది. అది చేతికందకుండా మొదటి ఫ్రేము కూడా కనబడదు. పట్టికను ముందుకు తెచ్చి పెడితే చాలు, అదే వీడియో చప్పున మొదలవుతుంది.

వేగానికి దూరం కూడా అడ్డే. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు తిన్నగా 13,500 కిలోమీటర్లు. ఒక్కసారి వెళ్లి రావడానికే సెకనులో ఎనిమిదో వంతు పైన పడుతుంది. చిరునామా కనుక్కోవడానికి, సర్వర్‌ను పలకరించడానికి, గోప్యత కోసం తాళంచెవులు మార్చుకోవడానికి ఇలాంటి రాకపోకలు కొన్ని తప్పవు. ఆ తర్వాత కూడా సర్వర్ ఒక్కసారిగా కుమ్మరించదు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, కొన్ని వందల గజాల దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య రద్దీ పెరిగి, సెకనుకు 32,000 బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. అప్పటి నుంచి నెట్‌లో డేటాను చేరవేసే నియమావళి అయిన టీసీపీకి ఇంజనీరు వాన్ జాకబ్సన్ నేర్పిన క్రమశిక్షణ ఒకటుంది: కొద్దిగా పంపు, చేరిందని కబురొస్తే పెంచు. అందువల్ల ఎంత వేగమైన కనెక్షన్ అయినా మెల్లగానే అందుకుంటుంది. దూరాన్ని తగ్గించలేం కాబట్టి, 1998లో ఎంఐటీకి చెందిన టామ్ లైటన్, డేనియల్ లెవిన్ ఫైళ్ల నకళ్లను ఊరూరా ఉంచే అకమాయ్ సంస్థను స్థాపించారు.

అసలు మలుపు 2009లో. ఐఫోన్ కోసం ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో వీడియోను చిన్న ముక్కలుగా (మొదట్లో పది సెకన్లవి) కోసి, ప్రతి ముక్కనూ పలు నాణ్యతల్లో సిద్ధంగా ఉంచుతారు. నెట్ బాగుంటే పెద్ద ముక్క, బాగులేకుంటే చిన్న ముక్క అడగడం ప్లేయర్ పని. వీడియో మొదట మసగ్గా ఉండి తర్వాత తేటపడటానికి కారణం ఇదే. 2012లో ఇదే బాటలో డాష్ అంతర్జాతీయ ప్రమాణమైంది. ముక్కలన్నీ మామూలు ఫైళ్లే కాబట్టి నకళ్లు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. 2023 నవంబరు 19న క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూడగలగడంలో ఈ ఏర్పాటుకు పెద్ద వాటా ఉంది.

ఇంత శ్రమ ఎందుకో 2012లో పరిశోధకులు షణ్ముగ కృష్ణన్, రమేశ్ సీతారామన్ లెక్క తేల్చారు. 2.3 కోట్ల వీక్షణలను పరిశీలిస్తే, వీడియో మొదలవడానికి రెండు సెకన్లు దాటగానే జనం వదిలేసి పోవడం మొదలైంది. ఆపై ప్రతి సెకనుకూ వెళ్లిపోయేవారు 5.8 శాతం చొప్పున పెరిగారు.

పేజీలో పొదిగిన వీడియోకు ఇవన్నీ కాక ఇంకో భారం ఉంది. వీడియో కంటే ముందు ప్లేయరే దిగాలి. అది కొన్ని వందల కిలోబైట్ల ప్రోగ్రామ్. ఒకే పేజీలో పది వీడియోలుంటే పది ప్లేయర్లు లేస్తాయి, చవక ఫోను ఉక్కిరిబిక్కిరవుతుంది. దీనికి విరుగుడుగా మొదట ఒక బొమ్మ మాత్రమే చూపి, వేలు తగిలాకే అసలు ప్లేయర్‌ను పిలుస్తారు. తెర మీదికి వచ్చేదాకా దేన్నీ దించవద్దని బ్రౌజర్‌కు చెప్పే వీలు కూడా ఉంది. అయినా ఎదురుచూపు పోలేదు. పేజీ తెరిచేటప్పటిది కాస్తా నొక్కిన తర్వాతకు జరిగింది. నొక్కనివాళ్లకు అసలు లేదు.

ఎదురుచూపును ఇలా పక్కకు జరిపే ఉపాయం ప్రత్యక్ష ప్రసారంలో కుదరదు. పది సెకన్ల ముక్కలు మూడు చేతిలో ఉంచుకుని ఆడించే ప్లేయర్ ఆటకు అర నిమిషం వెనకబడే ఉంటుంది. పక్కింటి టీవీ దగ్గర సిక్సర్ కేకలు ముందే వినిపిస్తాయి. ముక్కలు చిన్నవి చేస్తే ఆ వెనకబాటు తగ్గుతుంది, నిల్వ కూడా తగ్గుతుంది, మధ్యలో ఆగే ప్రమాదం పెరుగుతుంది. ప్రత్యక్ష ప్రసారం నడిపేవాళ్లు ప్రతి ఆటకూ ఈ రెంటిలో దేన్ని ఎంత ఒప్పుకోవాలో ముందే తేల్చుకోవాలి.