మంచుకొండకు మొదటి బండి

మా బావమరిదిది మండపేట దగ్గర పల్లె. వాళ్ల నాన్న దమ్ము చేస్తుంటే ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని పెరిగినవాడు. ఇప్పుడు సియాటెల్ దగ్గర కంప్యూటర్ల ఉద్యోగం. ఐదు చలికాలాలు ఇంట్లో కూర్చుని వాన చూసి చూసి విసిగిపోయాడు. ఆరో చలికాలం రాగానే స్నోమొబైల్ కొంటానని కూర్చున్నాడు. అదీ చదును దారుల్లో తిరిగేది కాదు, కొండెక్కేది. షోరూముకి నన్నూ లాక్కెళ్లాడు.

‘బావా, ఇది చూడు, 180 గుర్రాలంట!’ అన్నాడు ఒక టర్బో బండి మీద చెయ్యి వేసి. ధర చూస్తే 20 వేల డాలర్ల పైనే. అమ్మకాల పెద్దాయన నవ్వి, ఇదివరకు ఎన్నిసార్లు నడిపావని అడిగాడు. గుల్మార్గ్‌లో ఒకసారి, పదిహేను నిమిషాలు, వెనకాల గైడ్ కూర్చుంటే. మావాడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెద్దాయన ఇంకో మాట మాట్లాడకుండా మమ్మల్ని షెడ్డు వెనక్కి, పాత బండ్ల వరసలోకి తీసుకెళ్లాడు. బేరం పోగొట్టుకుని మరీ మంచి చేసే వర్తకులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు.

ఈ బండిని సినిమాల్లో చూసే ఉంటారు. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, దాన్ని ట్రాక్ అంటారు. గేర్లుండవు, కాలితో నొక్కే క్లచ్ ఉండదు. కుడి బొటనవేలితో ఆక్సిలరేటర్, ఎడమ చేత్తో బ్రేకు. కొండ బండ్లలో ఎక్కువ భాగానికి ఇప్పటికీ టూ స్ట్రోక్ ఇంజనే. స్టార్ట్ చేయగానే వచ్చే ఆ వాసనకి ఒకప్పటి యమహా ఆర్‌ఎక్స్ 100, బంకులో కలిపించుకునే టూ టీ ఆయిలు గుర్తుకొస్తాయి. ఆ యమహా కూడా 1968 నుంచి మంచు బండ్లు చేసి, 2025 మోడళ్లతో ఈ వ్యాపారం నుంచి తప్పుకుంది. ఇప్పుడు షోరూముల్లో ఎక్కువగా కనిపించేవి కెనడా స్కీ-డూ, అమెరికా పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్.

స్కీ-డూ పుట్టుక వెనక ఒక తండ్రి దుఃఖం ఉంది. క్యుబెక్‌లోని వాల్కోర్ట్ అనే పల్లెలో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి కడుపులో జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి, ఆయన తయారుచేస్తున్న మంచు బండి ఇంకా పూర్తికాలేదు. ఆసుపత్రికి చేర్చలేక పిల్లవాడు పోయాడు. 1937లో ఆయన ట్రాక్ విధానానికి పేటెంట్ తీసుకుని, డాక్టర్లు, బడిపిల్లలు ప్రయాణించే పెద్ద మంచు బండ్లు చేశాడు. 1959లో వచ్చిన తేలికపాటి బండే స్కీ-డూ. ప్రాణం నిలిపే బండిగా మొదలైంది కాస్తా సరదా బండయింది.

ఇక ఎంపిక. మావాడికి ట్రాక్ సంగతి నేను చెప్పక్కర్లేకపోయింది. ట్రాక్ మీద లేచి ఉన్న రబ్బరు పళ్లను తడిమి, ‘ఇవి దమ్ము చక్రాలే కదా బావా’ అన్నాడు. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. చదును దారుల బండికి ఆ పళ్లు అంగుళం, అంగుళంన్నర ఎత్తుంటే చాలు. కొండ బండికి రెండున్నర నుంచి మూడంగుళాలు. లోతు మంచులో పట్టు దొరకాలంటే అంత కావాలి. దమ్ము చక్రాలతో తారు రోడ్డెక్కితే ఏమవుతుందో ఇక్కడా అలాంటిదే అవుతుంది. గట్టిపడిన దారి మీద ఎక్కువసేపు నడిపితే బండి వేడెక్కుతుంది. దీని ఇంజన్ని చల్లబరిచేది ట్రాక్ ఎగజిమ్మే మంచే. మంచు పొడి లేవకపోతే వేడి పోయే దారి లేదు. అందుకే గీరుతూ మంచు లేపే తీగలు కొన్నిటికి కిందనే బిగిస్తారు. పాత బండి కొంటే అవి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ట్రాక్ చుట్టుకొలత కొండ బండ్లలో 146 అంగుళాల నుంచి 175 వరకు దొరుకుతుంది. పొడవు పెరిగేకొద్దీ బండి మంచు మీద తేలుతుంది, కానీ చెట్ల మధ్య తిప్పడం కష్టం. కొత్తవాళ్లకి 154 దగ్గర ఆగడం మంచిదని నా అభిప్రాయం. భారీ మనిషైతే 165 చూడొచ్చు.

ఇంజన్ విషయంలో ఏ కొండ అన్నది ముఖ్యం. ఎత్తు పెరిగితే గాలి పలచబడి ప్రతి వెయ్యి అడుగులకీ ఇంజన్ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. 165 గుర్రాల 850 సీసీ బండి కొలరాడోలో 10 వేల అడుగులకి చేరేసరికి 115 గుర్రాలదవుతుంది. కొండ బండ్లకి టర్బో పెట్టేది ఆ లోటు పూడ్చడానికి. సియాటెల్ పక్కనున్న కాస్కేడ్స్ కొండల్లో అంత ఎత్తులకి వెళ్లే పని తక్కువ. పైగా అక్కడి మంచు తడిగా, బరువుగా ఉంటుంది. దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అని వెక్కిరిస్తారు. యూటాలో పడేది పిండిలాంటి పొడి మంచు. కాస్కేడ్స్‌లో తిరిగే కొత్తవాడికి 600 సీసీ, 650 సీసీ సరిపోతాయి. ఎత్తయిన రాష్ట్రాల్లో ఉండేవాళ్లు టర్బో లేని 850 చూసుకోవచ్చు. మొదటి బండిగా టర్బో మాత్రం వద్దు. బొటనవేలు చేసే తప్పుని టర్బో రెట్టింపు చేస్తుంది.

ఇవన్నీ షోరూములో అర్థమయ్యేవి. అర్థం కానిదొకటి ఆ కొండల్లో క్లీ ఎలమ్ వైపు అద్దె బండితో వెళ్లిన రోజు తెలిసింది. మావాడు వాలు మీద కాస్త నెమ్మదించగానే వెనక భాగం దిగబడింది. కంగారులో బొటనవేలు నొక్కాడు. ట్రాక్ గిర్రున తిరిగి తన గొయ్యి తనే తవ్వుకుంది. నిమిషంలో బండి నడుం దాకా మంచులో ఉంది. పెట్రోలు, ఆయిలు, అంటుకున్న మంచు కలిపితే 250 కిలోల పైమాట. దిగబడ్డ ట్రాక్టరుకి గెడలు వేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ముందు ఇంజన్ ఆపాలి, అడుగున మంచు పారతో తీయాలి, బండిని పక్కకి పడదోసి గొయ్యి పూడ్చాలి, ముందు దారి కాళ్లతో తొక్కాలి, స్కీలు పట్టుకుని పల్లం వైపు లాగాలి. నలభై నిమిషాలు పట్టింది. చలిలో ఇద్దరికీ చొక్కాలు చెమటకి తడిసిపోయాయి. ఆ రోజు ఇలా నాలుగుసార్లు!

అందుకని మొదటి బండికి నా కొలమానం ఇదీ: షోరూములో పక్కనున్న పిడి పట్టుకుని ఒక్కరే బండిని ఒరిగించి చూడండి. ఒరిగితే అది మీ బండి. కొండ బండికి రెండు స్కీల మధ్య దూరం 36 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది, దారి బండికి 42 పైన. ఇరుకుది ఊగుతుందని కొత్తవాళ్లు భయపడతారు. కానీ వాలుకి అడ్డంగా వెళ్లాలంటే బండిని అంచు మీద నిలబెట్టాలి. కొండ వైపు కాలు మోపి, అటు ఒరుగుతూ, హ్యాండిల్‌ని పల్లం వైపు తిప్పాలి. వింటే తిరకాసుగా ఉంటుంది. మావాడికి సాయంత్రానికి గానీ ఒంటబట్టలేదు.

పాతది కొనడం సంతలో ఎడ్లు కొనడంలాంటిదే, పళ్లు చూడాలి, సుడులు చూడాలి. మేం చూడ్డానికి వెళ్లిన ఒక బండి అప్పటికే వేడిగా ఉంది. అమ్మేవాడు మేం వచ్చేలోగా స్టార్ట్ చేసి పెట్టాడు! చల్లగా ఉన్న ఇంజన్ ఎలా అంటుకుంటుందో చూడకుండా డబ్బివ్వకూడదు. రెండు సిలిండర్ల కంప్రెషన్ దగ్గర దగ్గరగా ఉండాలి. సీటు కింది అల్యూమినియం వంగిందా, ట్రాక్ పళ్లు తెగాయా, డ్రైవ్ బెల్టు అరిగిందా చూడాలి. సైలెన్సరు మార్చి, కంప్యూటరు ట్యూన్ చేసిన బండి ఎంత చవకైనా వదిలేయండి. మంచు కరిగే వసంతంలో పాతవి బేరానికొస్తాయి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కాబట్టి ట్రైలరు, బెల్టులు, ఇన్సూరెన్సు లెక్కలో వేసుకోవాలి.

ఆ లెక్కలో అన్నిటికన్నా ముందు రావాల్సినవి మూడున్నాయి: మంచు కింద ఉన్నవాడి జాడ చెప్పే బీకన్, తవ్వడానికి పార, మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్. హిమపాతంలో, అంటే కొండ మీంచి జారిపడే మంచులో, కూరుకుపోయిన మనిషిని వెతికి తీయడానికి మొదటి పది పదిహేను నిమిషాలే ప్రాణం. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు, పక్కనున్నవాడే తీయాలి. 30 నుంచి 45 డిగ్రీల వాలు ప్రమాదకరం. అరుపులకి మంచు జారుతుందన్నది సినిమా మాట; జార్చేది బరువు. అందుకే వాలు మీద ఒక్కసారికి ఒక్కడే ఉండాలి. పైన ఎవరైనా ఇరుక్కుంటే సాయమని ఇంకో బండి ఎక్కిస్తారు చాలామంది, అదే కొంప ముంచుతుంది. 2010 మార్చిలో కెనడాలోని రెవెల్‌స్టోక్ దగ్గర బౌల్డర్ మౌంటెన్ మీద స్నోమొబైల్ వాళ్లు గుంపుగా చేరిన చోట హిమపాతం విరుచుకుపడింది. ఇద్దరు చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. ఇలాంటి కొండ ప్రాంతాలకి చలికాలంలో ప్రమాద సూచన వెలువడుతుంది, ఒకటి నుంచి ఐదు మెట్లలో. అది చదవకుండా ఇంట్లోంచి కదలకూడదు.

మావాడు ఇంకా బండి కొనలేదు. వసంతం దాకా ఆగుతానంటున్నాడు. ఈలోగా హిమపాత శిక్షణ తరగతిలో చేరాడు. వాళ్లమ్మకి మాత్రం మంచులో బండి మీద దిగిన ఫొటో పంపాడు. ఆవిడ దిష్టి తీయమంది.

మీ పిల్లలెవరైనా అలాంటి ఫొటో పంపితే దిష్టి సంగతి తర్వాత. బీకన్ పెట్టుకున్నావా, పక్కన ఎవరున్నారు అని ముందు అడగండి.