ఫోర్ వీల్ ఉన్నా బండి ఎందుకు దిగబడుతుంది? డిఫ్ లాక్ ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు తియ్యాలి



ఈసారి పురుగుల సంగతి కాదు, గూళ్లను మార్కెట్టుకు చేర్చే బండి సంగతి రాస్తున్నాం. నెలంతా నిద్రలు చెడగొట్టుకుని పంట తీస్తాం. షెడ్డు నుంచి తారు రోడ్డు దాకా ఉండే ఆ రెండు కిలోమీటర్ల బురద దారిలో దాన్ని పోగొట్టుకుంటే ఎట్లా ఉంటుందో పోయిన అక్టోబరులో మాకు తెలిసొచ్చింది. తప్పు మాదే. అదే తప్పు మీరు చెయ్యకూడదని ఇది రాస్తున్నాం.

*జరిగింది ఇది*

మా ఊళ్లో మూడిళ్లవాళ్లం కలిసి ఒక పాత ఫోర్ వీల్ బండి తీసుకున్నాం. వానాకాలంలో ఆకు మొయ్యడానికి, గూళ్లు తీసుకుపోవడానికి. ఐదో దశలో పురుగు ఎంత తింటుందో మీకు చెప్పక్కర్లేదు. పంట మొత్తానికి పట్టే ఆకులో 80 శాతం పైన ఆ వారం రోజుల్లోనే పోతుంది. అప్పుడు వాన పడి దారి చెడితే తలమీద ఎన్ని మోపులు మోస్తాం?

ఆ రోజు ముగ్గురి గూళ్లూ కలిపి శిడ్లఘట్ట మార్కెట్టుకు బయలుదేరాం. రెండు రోజులుగా వాన. చెరువు కింద నల్లమట్టి దారిలో బండి ఆగిపోయింది. ఫోర్ వీల్ వేసే ఉంది. అయినా ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం గిరగిరా తిరుగుతున్నాయి. మిగిలిన రెండూ కదలడం లేదు. అప్పుడు వెనక డిఫ్ లాక్ వేశాం. బండి మెల్లగా బయటికొచ్చింది. మాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "లాక్ అట్లే ఉండనీ, ముందు ఇంకా బురద ఉంది" అనుకుని చెరువు కట్ట ఎక్కించాం.

కట్ట మీద మలుపు. స్టీరింగ్ తిప్పినా బండి తిరగలేదు, నేరుగా పోయింది. బ్రేకు తొక్కేసరికి వెనక భాగం నీళ్లవైపు జారింది. ఒక చక్రం కట్ట అంచు దాటి ఆగింది. మేము ఎట్లా దిగామో మాకే తెలియదు. మూటలన్నీ దించి తలల మీద మోశాం. అందులో రెండు మూటలు తడిగడ్డిలో దొర్లాయి. పక్క ఊరి ట్రాక్టరు వచ్చి బండిని లాగేసరికి పొద్దు నెత్తిమీదికొచ్చింది. ఆ రోజు వేలం అయిపోయింది. మరునాడు తడిసిన గూళ్లను చూసి రీలర్లు పెదవి విరిచారు. మూటలో కుక్కిన గూళ్లు వేడెక్కితే, తడిస్తే, దారం సరిగ్గా రాదని వాళ్లకు చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది.

డబ్బు పోయింది, సరే. ఆ చక్రం ఇంకొక్క అడుగు జారి ఉంటే డబ్బు గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు.

*డిఫరెన్షియల్ ఎందుకు పెట్టారు*

పాతకాలం కళ్లంలో బంతి తోలడం పెద్దవాళ్లు చూసి ఉంటారు. మధ్యలో మేటి, దాని చుట్టూ వరసగా కట్టిన ఎద్దులు. మేటి దగ్గర ఎద్దు ఉన్నచోటే మెల్లగా తిరుగుతుంది. చివరి ఎద్దు పరుగులాంటి నడక నడవాలి. బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాలదీ ఇదే కథ. లోపలి చక్రం తక్కువ దూరం పోతుంది, బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది.

ఎద్దులబండికి ఈ బాధ లేదు. ఇరుసు మీద ఏ చక్రానికి ఆ చక్రం వదులుగా తిరుగుతుంది. కానీ ఇంజన్ బండిలో రెండు చక్రాలనూ ఇంజనే తిప్పాలి. అందుకని యాక్సిల్ మధ్య హౌసింగులో డిఫరెన్షియల్ పెట్టారు. అది రెండు చక్రాలనూ తిప్పుతూనే, ఒకటి నిదానంగా, ఒకటి వేగంగా తిరగనిస్తుంది. అది లేకపోతే ప్రతి మలుపులోనూ టైరు గీసుకుపోతుంది, యాక్సిల్ మెలిపడుతుంది.

*మరి బురదలో ఎందుకు మోసం చేస్తుంది*

ఒక గిలక మీదుగా మోకు వేశాం అనుకోండి. మోకు రెండు కొసలను ఇద్దరు పట్టుకున్నారు. మనం గిలకను పట్టి లాగుతున్నాం. ఇద్దరూ గట్టిగా పట్టుకుంటే ఇద్దరి మీదా సమంగా బలం పడుతుంది. ఒకడు వదిలేశాడనుకోండి, మోకు అటు జారిపోతుంది. రెండోవాడు ఎంత గట్టిగా పట్టుకున్నా వాడిమీద బలమే పడదు.

డిఫరెన్షియల్ ఆ గిలకలాంటిది. రెండు చక్రాలకూ సమంగానే బలం ఇస్తుంది. ఒక చక్రం జారుడు బురదలో పట్టు వదిలేస్తే, దాన్ని తిప్పడానికి ఎంత కొద్ది బలం చాలో, గట్టినేల మీదున్న చక్రానికీ అంతే వస్తుంది. అది బండిని కదిలించడానికి చాలదు. ఎంత యాక్సిలరేటర్ తొక్కినా జారే చక్రమే ఇంకా గుంత తవ్వుకుంటుంది.

ఫోర్ వీల్ అంటే నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతాయని మేము అనుకునేవాళ్లం. అది తప్పు. మన జీపుల్లాంటి బండ్లలో ఫోర్ వీల్ లీవర్ వేస్తే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకటిగా ముడిపడతాయి. ముందు యాక్సిల్లో ఒక డిఫరెన్షియల్, వెనక యాక్సిల్లో ఇంకొకటి అట్లే ఉంటాయి. ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం జారితే బండి ఆగినట్టే.

డిఫ్ లాక్ అంటే ఆ మోకును గిలకకు ముడి వేసెయ్యడం. అప్పుడు రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సిందే. గట్టినేల మీదున్న చక్రానికి దాని పట్టు కొద్దీ బలం దొరుకుతుంది, బండి బయటికొస్తుంది.

*లాక్ వేస్తే ఏం పోగొట్టుకుంటాం*

మొదటిది, మలుపు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగితే బండి నేరుగానే పోవాలని చూస్తుంది. జారుడు నేల మీద ముందు చక్రాలు ఎటు తిప్పినా వెనకనుంచి తోపుడు నేరుగానే వస్తుంది. ముందు లాక్ కూడా వేస్తే స్టీరింగ్ ఇంకా బిగుసుకుంటుంది.

రెండోది, పక్కవాలు. ఇదే మమ్మల్ని కట్టమీద ముంచింది. లాక్ లేకపోతే ఒక చక్రం జారి తిరిగినా, రెండోది తిరగకుండా నేలను పట్టుకుని బండిని పక్కకు జారనివ్వదు. లాక్ ఉంటే రెండూ ఒక్కసారే పట్టు వదులుతాయి. అప్పుడు వెనక భాగం వాలు ఎటుంటే అటు పోతుంది. చెరువు కట్ట, కాలవ గట్టు, గుట్ట పక్కదారి ఇవన్నీ పక్కవాలు ఉన్న చోట్లే.

మూడోది, తారు రోడ్డు. గట్టి రోడ్డు మీద లాక్ వేసి తిప్పితే టైర్లకు జారే వీలుండదు. ఆ మెలి అంతా యాక్సిల్ మీద, గేర్ల మీద పడుతుంది. ఏదో ఒకటి విరుగుతుంది.

*ఎట్లా వాడాలి*

1. బండి దించక ముందు దారి నడిచి చూడండి. కట్టెతో పొడిచి కింద గట్టినేల ఎంత లోతులో ఉందో చూడండి. బండి కడుపు నేలకు ఆనిందంటే నాలుగు చక్రాలు తిరిగినా కదలదు. అక్కడ లాక్ పనికిరాదు, పార పట్టాల్సిందే.

2. బురదలోకి దిగక ముందే ఫోర్ వీల్ లో గేరు వెయ్యండి, అవసరమనిపిస్తే వెనక లాక్ కూడా వెయ్యండి. బండి ఆగి ఉండాలి, లేదా పాకుతున్నట్టు పోతుండాలి.

3. చక్రం గిరగిరా తిరుగుతున్నప్పుడు లాక్ వెయ్యకండి. లోపల పళ్లు విరుగుతాయి. యాక్సిలరేటర్ వదిలి, చక్రం నిలబడ్డాక వెయ్యండి.

4. నేరుగా, నిదానంగా, ఒకే ఊపులో దాటండి. ఇంజన్ రేజ్ చెయ్యకండి.

5. వెనక లాక్‌తో కాకపోతేనే ముందు లాక్. అది కూడా నేరుగా పోయే నాలుగు గజాలకే.

6. గట్టినేల రాగానే, మలుపుకు ముందే, కట్ట ఎక్కక ముందే లాక్ తియ్యండి. లీవర్ తీసినా ఒక్కోసారి లోపల విడిపోదు. కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు నేరుగా కదిలిస్తే విడిపోతుంది. డాష్‌బోర్డు మీద దీపం ఆరిందో లేదో చూసుకోండి.

*ఏ బండిలో ఏముంది*

ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా డ్రైవరు వేసుకునే లాక్‌లు ఉన్నాయి. మహీంద్రా థార్‌లో కొన్ని మోడళ్లకు వెనక లాక్ దానంతటదే పడుతుంది. రెండు చక్రాల వేగంలో పెద్ద తేడా వస్తే అది పట్టుకుంటుంది. కాబట్టి చక్రం తిరగడం మొదలవగానే భయపడి కాలు తియ్యకుండా, యాక్సిలరేటర్‌ను సన్నగా ఒకే తీరుగా పట్టి ఉంచాలి. మారుతి జిమ్నీలో లాక్ లేదు. జారే చక్రానికి బండే బ్రేకు వేసి, రెండో చక్రానికి బలం వచ్చేట్టు చేస్తుంది. పాత జిప్సీలో కంపెనీ ఇచ్చిన లాక్ లేదు. అట్లాంటి బండిలో, చేతి బ్రేకు వెనక చక్రాలను పట్టేదైతే, దాన్ని కొద్దిగా లాగి మెల్లగా కదిలిస్తే కొంతవరకు అదే పని అవుతుంది.

*ట్రాక్టరు ఉన్నవాళ్లకు*

మనలో ఎక్కువమందికి ఉండేది ట్రాక్టరే. దాంట్లోనూ వెనక యాక్సిల్‌కు డిఫ్ లాక్ ఉంటుంది, కాలితో తొక్కే పెడల్. చాలామంది ఏళ్లతరబడి నడిపినా దాన్ని ముట్టరు. ఆకు ట్రాలీ మల్బరీ తోట గట్టు దగ్గర దిగబడితే, క్లచ్ తొక్కి, చక్రాలు నిలిచాక పెడల్ తొక్కి, మెల్లగా క్లచ్ వదలండి. దాటాక కాలు తియ్యండి. విడిపోకపోతే ఇంకోసారి క్లచ్ తొక్కితే విడిపోతుంది. పెడల్ పనిచెయ్యకపోతే, జారి తిరుగుతున్న చక్రం వైపు బ్రేకును మాత్రం మెల్లగా తొక్కండి. బలం రెండో చక్రానికి పోతుంది. రోడ్డెక్కక ముందు రెండు బ్రేకులనూ కలిపి కొక్కెం వెయ్యడం మరవకండి.

ట్రాక్టరు మీద లాక్ వేసి గట్టు పక్కన మలుపు తిప్పడం జీపుకన్నా ప్రమాదం. దిగబడిన ట్రాక్టరును బలవంతంగా ముందుకే లాగించాలని చూస్తే ముందుభాగం పైకి లేస్తుంది. వెనక్కి వచ్చే వీలుంటే వెనక్కే రండి.

*చివరిమాట*

ఇప్పుడు మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. బండిలో ఇద్దరుంటాం. లాక్ వేసేవాడు పైకి చెప్పాలి, తీసేవాడూ పైకి చెప్పాలి. "తీశావా?" అని రెండోవాడు అడక్కుండా బండి కట్ట ఎక్కదు. వాన గట్టిగా ఉంటే బండి దించనే దించం. గూళ్లను షెడ్డులో పలుచగా పరిచి, గాలి తగిలేట్టు ఉంచి, దారి ఆరేదాకా ఒక పూట ఆగుతాం. చిలుక గూడు తొలిచేదాకా ఆగకూడదు, నిజమే. కానీ ఒక పూటకు గూళ్లకు ఏమీ కాదు.

మందు ఎంత మంచిదైనా రోగం తగ్గాక కూడా మింగుతూ ఉంటే విషమే. డిఫ్ లాక్ కూడా అంతే. మీ దారిలో ఇట్లాంటి చోటు ఏదైనా ఉంటే, మీరు ఎట్లా దాటుతున్నారో మాకు ఒక వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే సంచికలో అందరికీ చెబుదాం.