తుపానుకు ముందున్న రెండు రోజులు

2014 అక్టోబరు 12 మధ్యాహ్నం విశాఖ తీరాన్ని తాకిన తుపానుకు ‘హుద్‌హుద్’ అన్న పేరు ఒమన్ దేశం ఇచ్చింది. దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) వారికి దూరదేశపు కబురు తెచ్చిన పక్షి పేరది. ఈ తుపాను కబురూ మనకు ముందే అందింది.

గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది. ఇక కొండవాలు బస్తీల్లోని రేకుల ఇళ్ల సంగతి చెప్పాలా! అయితే గాలి ఒక్క పూటతో తగ్గింది. కరెంటు లేక మోటార్లు ఆగి, నీళ్ల కష్టం మాత్రం రోజుల తరబడి సాగింది. అప్పటికి బక్రీద్ అయి వారం కూడా కాలేదు. ఫ్రిజ్‌లో దాచుకున్న ఖుర్బానీ మాంసం ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందు పసుపు రంగు హెచ్చరిక, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక ఇస్తుంది. పసుపు రంగు చూడగానే మొదట చేయవలసింది నీళ్లు పట్టుకోవడం. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకున్నా, ఐదుగురున్న ఇంటికి ఐదు రోజులకు వంద లీటర్లు కావాలి. రెండు బిందెలే ఉన్న ఇల్లాలు వంద లీటర్లు దేంట్లో పడుతుంది? ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే ఇంట్లో ఐదు రోజుల బియ్యం, పప్పు ముందే ఎలా కొంటారు? జాగ్రత్తలు తెలియక కాదు, చేతిలో డబ్బు లేకే పేదలు సిద్ధం కాలేకపోతున్నారు.

అందుకే దాతలకు మా మనవి: తుపాను తర్వాత పంచే దుప్పట్లలో కొంత భాగమైనా ముందే వేరే రూపంలో ఇవ్వండి. మూత ఉన్న పెద్ద నీళ్ల డ్రమ్ము, టార్పాలిన్, గట్టి తాడు, టార్చి, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ పొట్లాలు. వీటితోపాటు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు తడవకుండా పెట్టుకునే ప్లాస్టిక్ సంచి. సాయం కోసం వెళ్లినప్పుడు మొదట అడిగేది ఆ కాగితాలే. ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే, కరెంటు పోయినప్పుడు తడిపిన మట్టికుండలో మందు చల్లగా ఉంచే పద్ధతి వారికి చూపించాలి.

గాలి ఒక్కసారిగా ఆగినా బయటికి రాకూడదు. అది తుపాను కన్ను కావచ్చు; అది దాటగానే ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే బలంగా వీస్తుంది. సగం ఊడిన రేకు అప్పుడే ఎగురుతుంది.

రేకుల ఇంట్లో ఉన్నవారు గాలి మొదలుకాకముందే పక్కా భవనానికి చేరాలి. ఇక్కడ మన ఇళ్లలో ఒక చిక్కుంది. పురుషులందరి మధ్య రాత్రి గడపాలంటే ఆడవాళ్లు వెనకాడతారు; వాళ్లు కదలకపోతే పిల్లలూ, మంచం పట్టిన పెద్దవాళ్లూ కదలరు. ఏ మస్జిదు, ఏ బడి తెరుస్తారు, అందులో స్త్రీలకు ప్రత్యేక గది, మరుగుదొడ్డి ఎక్కడ, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి సెప్టెంబరులోపే తేల్చి, ప్రతి ఇంటికీ చెప్పి రావాలి. దీనికి ఖర్చు దాదాపు ఉండదు, ఓపిగ్గా నాలుగు గడపలు ఎక్కే మనుషులు కావాలి.