కణములోని మోకు



మన పల్నాటిలో తాటిచెట్టెక్కు గీతపనివారిని మీరందఱు చూచియే యుందురు. చెట్టుబోదెకును తన నడుమునకును కలిపి మోకు చుట్టి, దాని యాధారమున పైకి సాగుదురు. మోకు జాఱును గాని విడువదు. అయితే దానిని చెట్టుకొననుండి దిగవేయ వీలులేదు, మట్టలడ్డము. ముడి విప్పి, బోదెచుట్టు త్రిప్పి, మఱల ముడి వేయవలసినదే. నేను చెప్పబోవు విషయమంతయు నీ ముడిలోనే యున్నది.

ఒక జీవకణము రెండగునపుడు అందలి డి.ఎన్.ఎ. యను వంశసూత్రమునకు ప్రతి సిద్ధము కావలెను. మానవుని యొక్కొక్క కణములోని సూత్రమును సాగదీసినచో ఆఱడుగులకు మించును. ప్రతి వ్రాయు లేఖకుని పేరు పాలిమరేసు. ఆతనికి పట్టు చాలదు. ఈ. కొలై యను సూక్ష్మజీవిలో, ఒంటరిగా నున్నచో పదియక్షరములు వ్రాయునంతలో జాఱిపోవును. మోకు తగిలించినచో సెకండునకు సుమారు వేయి చొప్పున వేలకొలది యక్షరములు విడువక వ్రాయును.

ఆ మోకు మాంసకృత్తుతోనైన కడియము. ఈ. కొలైలో రెండు తునుకలు, మనలో మూడు తునుకలు కూడి యేర్పడును. ఈ. కొలై కడియపు రూపము 1992లో స్ఫటికపరీక్షచే తేలినది. నడిమి రంధ్రము సూత్రపు లావుకంటె పెద్దది కావున సులువుగా జాఱుచుండును. మఱి ఈ. కొలై సూత్రము మొదలు తుది లేని వలయము. కొనయే లేనిదానికి కడియమెట్లు తొడుగుట?

ఇందులకు వేఱొక పరిచారకుడు గలడు. అయిదు భాగముల యంత్రము. ఏ.టి.పి. యను ద్రవ్యమును గ్రహించినపుడు అది కడియమును పట్టి, ఒక యతుకువద్ద తెఱచి, వ్రాత మొదలిడవలసిన తావున సూత్రమును లోనికి జొనుపును. సూత్రము తగులగనే ఏ.టి.పి. చీలును, పట్టు సడలును, కడియము మూసికొనును, పరిచారకుడు తొలగును. తొలగకున్న లేఖకునికి చోటే లేదు. ఇరువురును కడియమున నొకే ముఖమును పట్టువారు. ఏ.టి.పి. ఖర్చగుటచేతనే కడియము తెఱచుకొనునని నేను మొదట భ్రమించితిని. కాదు, గ్రహించుటచే తెఱచును, చీల్చుటచే విడుచును.

ఈ ఏ.టి.పి.ని 1929లో కండరములనుండి వెల్లడించినవారిలో మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. అమెరికాలో ఫిస్కేగారితో కలిసి పనిచేసిరి. ఆ యేటనే జర్మనీలో లోమాన్‌గారును దానిని కనుగొనిరి.

సూత్రమున రెండు పోగులు గలవు. ఒకదాని వ్రాత ఏకధారగా సాగును. రెండవది ఎదురు దిక్కుగాన తునుకలుగా వ్రాయవలెను, ఈ. కొలైలో తునుకకు వేయి రెండువేల యక్షరములు, ప్రతి తునుకకును క్రొత్త కడియము. అనగా ఒకటి రెండు సెకండ్లకొక ముడి!

క్షయక్రిమికిని ఇట్టి కడియమే శరణ్యము. గ్రిసెలిమైసిన్ జాతి ద్రవ్యము ఆ కడియమున లేఖకుడు పట్టు తావునంటి అడ్డుపడుననియు, ఎలుకలలో క్షయను తగ్గించెననియు 2015లో ప్రకటించిరి. మన కడియపు కూర్పు వేఱు.