బండి లేపే బ్యాటరీ... బండిలో బతికే బ్యాటరీ!

ఈ వారం ఏ హీరో గురించీ రాయడం లేదు. హీరోయిన్ ముస్తాబై కూర్చున్నా "నేను కదలను పొమ్మ"ని మొరాయించిన ఒక పాత వ్యాను గురించి రాస్తున్నాను. అన్నట్లు, ఈ కథలో విలన్ బ్యాటరీ కాదు!

చెట్టు చాటున చీర అడ్డం పట్టుకుని తారలు దుస్తులు మార్చుకున్న రోజులు పోయాయి. హిందీ చిత్రసీమకు 1990ల తొలినాళ్లలో వ్యానిటీ వ్యాను అలవాటు చేసింది నటి పూనం ధిల్లాన్ అని చెబుతారు. ఇప్పుడు పెద్ద తారల కారవాన్లకు సొంత జనరేటర్లే ఉన్నాయి. మరి చేతిలో చిల్లర తప్ప ఏమీ లేని కుర్రకారు సంగతేమిటి? 2023లో విడుదలైన ‘బలగం’ సిరిసిల్ల వైపు పల్లెల్లో తీశాక, మన ఊళ్లోనే మనమూ తీద్దామన్న హుషారు కరీంనగర్, ఆదిలాబాద్ కుర్రాళ్లలో బాగా కనిపిస్తోంది నాకు. నేను వెంట వెళ్లింది అలాంటి జట్టుతోనే.

ఏడుగురు. ఒక పాత స్కూలు వ్యాను కొని, సీట్లు పీకేసి, రెండు బల్లలు, ఒక మేకప్ అద్దం బిగించారు. "బ్యాటరీలు రెండున్నయి అన్నా, ఫికర్ లేదు" అన్నాడు దర్శకుడు. జగిత్యాల, నిర్మల్ దాటి నేరేడిగొండలో రాత్రి మజిలీ. పొద్దున్నే 12 కిలోమీటర్ల దూరంలోని కుంతాల జలపాతం దగ్గర తొలి వెలుగులో షాటు. అది ఆ రోజే తీయాలి. ఎందుకంటే హీరోయిన్ అమ్మాయికి మర్నాడు డిగ్రీ పరీక్ష!

అది డిసెంబరు. ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే కదా. రాత్రి పొద్దుపోయేదాకా అద్దం చుట్టూ బల్బులు వెలిగాయి. కెమెరా బ్యాటరీలు, ల్యాప్‌టాప్ తెల్లవార్లూ చార్జింగులో ఉన్నాయి. ఉదయం తాళం తిప్పితే... టక్ మని ఒక్క చప్పుడు. అంతే! చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ సత్తువా తగ్గుతుంది. రాత్రంతా పీల్చేసిన బ్యాటరీ ఇంకేం తిప్పుతుంది?

పక్కనే లారీ ఉంది. "దానికీ రెండు బ్యాటరీలే కదా, వైరు కలుపుదాం" అన్నాడొకడు. మెకానిక్ సమయానికి వచ్చాడు కాబట్టి సరిపోయింది. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. అది జంట బ్యాటరీ ఏర్పాటు కానే కాదు. 12 వోల్టుల వ్యానుకు 24 తగిలిస్తే వైరింగు కాలిపోవచ్చు.

మెకానిక్ బానెట్ కింద చూసి నవ్వాడు. రెండు బ్యాటరీలనూ ఒకే లావుపాటి వైరుతో నేరుగా కలిపేశారు. ఒకటి ఖాళీ అవుతుంటే రెండోదీ దాని వెంటే! "తమ్మీ, బండి లేపే బ్యాటరీ వేరే, బండ్ల బతికే బ్యాటరీ వేరే. నువ్వు ఇద్దర్నీ ఒక్క కంచంల తినబెట్టినవ్" అన్నాడు. ఒక జీపు తెప్పించి, దాని బ్యాటరీతో స్టార్ట్ చేయించేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆ షాటు పోయింది.

స్టార్టర్ బ్యాటరీలో పలకలు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. నాలుగు క్షణాలు బ్రహ్మాండమైన కరెంటు ఇచ్చి ఊరుకోవడం దాని పని. రాత్రంతా నెమ్మదిగా ఇవ్వాలంటే మందపు పలకలది కావాలి. ఇళ్లలో ఇన్వర్టరుకు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ ఆ కోవదే. ఈ రెంటి మధ్య ఉండాల్సింది రిలే. టూరింగ్ టాకీసులో గేట్‌కీపర్ లాంటివాడనుకోండి! ఇంజన్ నడుస్తూ వోల్టేజి సుమారు 13.3 దాటితే గేటు తీసి రెండో బ్యాటరీని చార్జింగుకు పంపుతాడు. ఇంజన్ ఆగి 12.8కి దిగితే మూసేస్తాడు. ఆ తర్వాత లోపల ఎంత వాడినా స్టార్టర్ జోలికి ఎవరూ రారు. పూర్వం డయోడ్ పెట్టేవారు. అది సుమారు 0.7 వోల్టు తానే మింగడంతో రెండోది ఎప్పుడూ అర్ధాకలితోనే ఉండేది.

ఇక మన హీరోయిన్ అద్దం సంగతి! 60 వాట్ల బల్బులు ఎనిమిదంటే 480 వాట్లు. 12 వోల్టుల మీద అది 40 ఆంపియర్లు. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, లేకపోతే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఆ లెక్కన రెండు గంటలు కూడా వెలగవు. వాటి బదులు 9 వాట్ల ఎల్.ఇ.డి.లు పెడితే 6 ఆంపియర్లే, పన్నెండు గంటలు నిశ్చింత. ఎ.సి. మాట మాత్రం ఎత్తకండి!

చార్జింగులో ట్యూబులర్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. అందుకే పడుకునే బల్ల కింద గాలాడకుండా మూసిపెట్టకూడదు, దగ్గర సిగరెట్టు వెలిగించకూడదు. ప్రతి బ్యాటరీ పక్కనే వైరుకు తగ్గ ఫ్యూజు ఉండాలి.

మీ జట్టు కూడా పాత వ్యాను కొనే ఆలోచనలో ఉంటే అమ్మేవాడి మాట అలా ఉంచండి. ఒక మల్టీమీటరు పట్టుకెళ్లండి. ఇంజన్ ఆపి, లోపలి లైట్లన్నీ ఓ అరగంట వెలిగించి, స్టార్టర్ బ్యాటరీ మీద పెట్టి చూడండి. 12.6 దగ్గర కదలకుండా నిలబడితే గేట్‌కీపర్ డ్యూటీలో ఉన్నట్లే. లోపలి బ్యాటరీతో పాటు అదీ జారిపోతుంటే మధ్యలో ఉన్నది ఉత్త వైరే!