శుభలేఖలు అందుకునే గణపతి... ఆ దారిలోనే పెద్దపులి!

పెళ్లి కుదరగానే మొదటి శుభలేఖ దేవుడి దగ్గర పెట్టడం మనకి అలవాటే. రాజస్థాన్‌లో దాన్ని ఏకంగా పోస్టులో పంపేస్తారు! అందుకునేది సవాయి మాధోపూర్ జిల్లా, రణథంబోర్ కోటలోని త్రినేత్ర గణపతి. వచ్చిన ప్రతి శుభలేఖనూ పూజారి స్వామికి చదివి వినిపిస్తారట. స్వామి కూడా ఇక్కడ కుటుంబంతోనే ఉంటాడు. భార్యలు రిద్ధి, సిద్ధి (మనం సిద్ధి, బుద్ధి అంటాం), కొడుకులు శుభ్, లాభ్.

1301లో అల్లాఉద్దీన్ ఖిల్జీ హమ్మీరుడి నుంచి గెలుచుకున్న కోట ఇది. 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు జైపూర్ మహారాజుల వేటస్థలం. 1973లో పులుల సంరక్షణ పథకంలో చేరి, 1980లో జాతీయ పార్కు అయింది. అడవి అనగానే చిక్కటి పచ్చదనం ఊహించుకోకండి. ఎండలు ముదిరితే ఇక్కడి ధోక్ చెట్లన్నీ ఆకులు రాల్చి మోడుల్లా నిలబడతాయి. నీళ్లు మిగిలేది చెరువుల్లోనే. దుప్పులు, కణుజులు అక్కడికే చేరతాయి. వాటి వెనకే పులి.

ఆ చెరువులను ఏళ్ల తరబడి ఏలిన ఆడపులి మచ్లీ. చెంప మీద చేప ఆకారం మచ్చ ఉండటంతో ఆ పేరు. మొసలితోనే కలబడి గెలిచిన ఘనురాలు! 2016 ఆగస్టులో ముసలితనంతో చనిపోతే, పూలు కప్పి మనిషికి చేసినట్టే దహనం చేశారు.

మచ్లీ మనవరాలు ఆరోహెడ్ జబ్బుపడి వేటాడలేకపోతే, జాలిపడి బతికున్న జంతువులను ఎరగా ఇచ్చారు. అలా కూర్చోబెట్టి మేపడం వల్లే దాని పిల్లలకు మనిషంటే బెదురు పోయిందని వన్యప్రాణి నిపుణుల విమర్శ. 2025 ఏప్రిల్‌లో గణపతి దర్శనం చేసుకుని ఇంటివాళ్లతో తిరిగొస్తున్న ఏడేళ్ల బాబుని దారిలోనే పులి లాక్కుపోయింది. జూన్ లోపల మరో ఇద్దరు బలయ్యారు. వారిలో ఒకరు అటవీ ఉద్యోగి. ఆరోహెడ్ కూడా ఆ జూన్‌లోనే కన్నుమూసింది. ఆకలితో ఉన్న జీవికి పెట్టకుండా మన చెయ్యి ఆగదు, నిజమే. కానీ అడవిలో ఆ చెయ్యి ఆగాల్సిందే అనిపిస్తుంది.

గుడికి వెళ్లేవారికి సఫారీ టికెట్టు అక్కర్లేదు. వినాయక చవితి జాతరకైతే లక్షల మంది కదులుతారు. మీరూ వెళితే ముందుగా దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. పొద్దు వాలకముందే కొండ దిగిపోండి. పిల్లల చెయ్యి మాత్రం వదలకండి. పులుల్ని చూడాలంటే అక్టోబరు నుంచి జూన్ లోపల వెళ్లండి. వానాకాలం మూడు నెలలూ ముఖ్యమైన జోన్లు మూసేస్తారు.